ఏడు చెంచాల చక్కెర

ఉదయం ఎనిమిదీ అయిదుకి సరిహద్దు భవనం రెండో అంతస్తు మెట్ల మీద ఒక ముసలాయన చచ్చిపడి ఉన్నాడు. చేతిలో ఖాళీ టీ కప్పు అలాగే ఉంది, మెడ మాత్రం విరిగింది. కాలు జారి పడ్డాడని కాపలావాళ్ళు రాసుకున్నారు. మెట్లు పొడిగా ఉన్నాయన్న సంగతి ఎవరూ రాయలేదు.

తొమ్మిదీ ఇరవైకి ఆ ఫొటోలు చీఫ్ బల్ల మీద ఉన్నాయి. బల్లకి ఇవతల మొద్దు కూర్చొని వాటిని చూస్తున్నాడు.

మొద్దు అనేది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇద్దరే ఉండేవాళ్ళు. ఒకరు తల్లి, ఆవిడ పోయింది. ఇంకొకరు అక్క, ఆవిడ పదకొండేళ్ళుగా సరిహద్దుకి అవతల ఉంది. పిస్తోలు ఎదురుగా పెట్టినా, పుట్టినరోజు కేకు ఎదురుగా పెట్టినా మొద్దు ముఖం ఒకేలా ఉంటుంది. అందుకని ఆ పేరు వచ్చింది, అతికినట్టు సరిపోయింది కూడా.

"ఈయన్ని అందరూ తాతగారు అంటారు. సర్వర్ అడ్మినిస్ట్రేటర్. ఇరవై ఏళ్ళుగా గేటు సర్వర్ ఆయన చేతిలోనే ఉంది," అన్నాడు చీఫ్.

"చంపింది?"

"అద్దం ముఠా."

అద్దం అంటే అవతలి దేశపు గూఢచారుల ముఠా. నకిలీ పాస్‌పోర్టు, నకిలీ మనిషి, నకిలీ పెళ్ళిపత్రిక, ఏది కావాలన్నా అసలుకి తీసిపోకుండా చేస్తారు.

"సర్వర్‌లో రెండు డిస్కులు ఉంటాయి. ఎడమది, కుడిది. రెండింటిలో ఒకే సమాచారం. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది. అయితే ఏది పోయింది, ఏది బాగుంది, ఎవరి మాట వినాలి అనే సంగతి సర్వర్‌కి ఎలా తెలుస్తుంది?"

"చెప్పండి సార్."

"ఒక చిన్న చిట్టా రాసుకుంటుంది. స్టేట్ డేటాబేస్ అంటారు. ఆ చిట్టా ఒక్కటే ఉంటే ప్రమాదమని నకళ్ళు పెట్టుకుంటుంది. రెప్లికాలు. ఎడమ డిస్క్ మీద మూడు, కుడి డిస్క్ మీద మూడు. సర్వర్ లేచే ముందు అన్నిటినీ అడుగుతుంది. సగానికి మించి ఒకే మాట చెబితేనే లేస్తుంది. సగానికి సగం అయితే లేవదు, ఆగిపోయి మనిషిని అడుగుతుంది."

"ఇప్పుడు ఆగిపోయింది."

"ఆగిపోయింది. పొద్దున ఎవరో ఒక డిస్క్ మార్చారు. అందులో గేటు జాబితా నకిలీది, మూడు రెప్లికాలూ నకిలీవే. మూడు ఒకటి చెబుతున్నాయి, మూడు ఇంకొకటి చెబుతున్నాయి. ఒకవైపు మూడింటిని తీసేస్తే రెండో పక్షం గెలుస్తుంది. అసలు డిస్క్ ఏదో మనకి తెలియదు. తెలిసిన ముసలాయన ఫొటోలో ఉన్నాడు."

మొద్దు ఫొటోని బోర్లా పెట్టాడు.

"ఈ రోజు పన్నెండుకి గేటు దగ్గరికి ఒకావిడ వస్తుంది," అన్నాడు చీఫ్, కిటికీ వైపు చూస్తూ. "వేలిముద్ర వేస్తుంది. ఒప్పందం ప్రకారం రెండు దేశాల అధికారులూ ఒకే తెర చూస్తారు. తెర మీద మన మనిషి అని వస్తే ఇవతలికి వస్తుంది. నకిలీ జాబితా ఉంటే రాదు. తెర నల్లగా ఉన్నా రాదు. అవతలివాళ్ళ జీపు ఆవిడ వెనకే ఆగి ఉంటుంది. ఫోన్ మాటలు, చీటీలు చెల్లవు."

"మా అక్క."

"మీ అక్క. అందుకని నిన్ను పంపకూడదు."

"మరి?"

"మిగతా ఇద్దరూ సెలవులో ఉన్నారు."

మొద్దు తలూపాడు. ఏదో ఒకటి అనిపించాలని అతనికి తెలుసు. అక్కని డిపార్ట్‌మెంట్ పని మీద అవతలికి పంపిన కాగితం మీద సాక్షి సంతకం అతనిదే. నెలకొకసారి ఆమె దగ్గరనుంచి ఒకే మాట వచ్చేది, క్షేమం అని. అది ఆగిపోయి మూడేళ్ళయింది. మొదటి ఏడాది ఏడ్చాడు. రెండో ఏడాది ఎదురుచూశాడు. మూడో ఏడాది ఏ పనీ చేయలేదు. ఇప్పుడు అక్క బతికే ఉందని, మధ్యాహ్నానికి వస్తుందని, రాకపోవచ్చునని ఒకే ఊపిరిలో చెబితే, బస్సు వేళలు విన్నట్టు విన్నాడు.

చీఫ్ ఒక ఇంజనీరు యూనిఫాం, ఐడీ కార్డు, పెన్ను ముందుకి తోశాడు.

"ఈ పెన్ను మూత కొరికితే ఒక నిమిషం గాలి వస్తుంది."

"రాయదా?"

"రాయదు. రాసేవి స్టోర్‌లో అయిపోయాయి. లోపల మన మనిషి ఒకరు ఉన్నారు. నువ్వు 'ఏసీ ఎక్కువైంది' అను. 'నాకు చలి తెలియదు' అని జవాబు వస్తుంది."

"నమ్మదగ్గ మనిషేనా?"

"మన జీతమూ తింటుంది, వాళ్ళ జీతమూ తింటుంది," అన్నాడు చీఫ్. "నమ్మకం సంగతి నువ్వే చూసుకో."

* * *

పదిన్నరకి రెండో అంతస్తు. సర్వర్ గదికి అద్దాల గోడ, ఇనుప తలుపు. తలుపు పక్కన కుర్చీ వేసుకొని ఫైర్ సేఫ్టీ ఆఫీసరు కూర్చున్నాడు. ఎర్ర టోపీ, చంకలో ఒక రిజిస్టరు, గోడకి గొడ్డలి, దాని పక్కన గ్యాస్ విడుదల చేసే పసుపు మీట. ఐడీ కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాపం, తాతగారు. మంచివాడు," అన్నాడు. అని ఆవులించాడు.

లోపల చలి. ఒక్క స్క్రీన్ వెలుగుతోంది. దాని ముందు ఒకావిడ వెనుదిరిగి నిలబడి ఉంది. భుజాల మీద ఎర్ర శాలువా. మొద్దు ఆ శాలువాని గుర్తుపట్టాడు. అతని కుడిచేతి వేళ్ళు మొద్దుబారడం ఆవిడ చలవే. అయిదేళ్ళ కిందట ఓడరేవులో ఒక ఇనుప తలుపు వేసింది, అతని చెయ్యి తియ్యకముందే. అప్పటి నుంచి ఆ వేళ్ళకి వేడీ తెలియదు, చలీ తెలియదు.

"ఏసీ ఎక్కువైంది," అన్నాడు.

ఆవిడ తిరిగింది. వయసు పెరిగినట్టు లేదు, అందం తగ్గినట్టు లేదు. కాస్త అన్యాయంగానే అనిపించే మనిషి.

"నాకు చలి తెలియదు," అంది. తర్వాత అతని చేతి వైపు చూసింది. "ఇంకా తిమ్మిరిగానే ఉందా?"

"తిమ్మిరైతే తెలిసేది. ఏమీ లేదు."

"ఆ రోజు తలుపు వెయ్యకపోతే నిన్ను కాల్చేవాళ్ళు."

"థాంక్స్."

ఆమె ఇక్కడ ఆడిటర్ వేషంలో ఉంది. రెప్లికాలు తీసెయ్యాలంటే రెండు పాస్‌వర్డులు కావాలి, ఒకటి ఆడిటర్‌ది, ఒకటి ఇంజనీరుది. అందుకే ఆమె గంటన్నరగా ఇంజనీరు కోసం కాచుకొని ఉంది. స్క్రీన్ మీద ఆరు వరుసలు ఉన్నాయి. ఎడమ డిస్క్‌వి మూడు, కుడి డిస్క్‌వి మూడు. అన్నిటి పక్కనా ఇంగ్లీషు చిన్న అక్షరాలే. చిట్టాలో చిన్న అక్షరం ఉంటే క్షేమమని, పెద్ద అక్షరం ఉంటే జబ్బని మొద్దుకి దారిలో ఒక పుస్తకం చెప్పింది. ఇక్కడ ఆరుగురూ క్షేమమే. నకిలీ అంత బాగా కుదిరింది.

"ఎడమది అసలుది," అంది ఆమె గొంతు తగ్గించి. "కుడివైపు మూడూ తీసేద్దాం. నీ పాస్‌వర్డ్ కొట్టు."

"నీకెలా తెలుసు?"

"కుడిది మాది, దాన్ని కాపాడు, ఎడమవి తీసేయించు అని ముఠా చెప్పింది. నేను తిరగేస్తున్నాను."

"ఎందుకు?"

"ముసలాయన్ని చంపుతారని నాకు చెప్పలేదు. నిన్న నాకు టీ ఇప్పించాడు."

ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నిజమైన తడే అయి ఉండవచ్చు. మొద్దు దాన్ని చూసి పక్కన పెట్టాడు. ఈమె పాస్‌వర్డ్ కొట్టమంటోంది. కొడితే అరగంటలో సర్వర్ లేస్తుంది. పన్నెండుకి గేటు దగ్గర అక్క వేలు పెడుతుంది. పొరపాటైతే దిద్దుకోవడానికి వీల్లేదు. గెలిచిన డిస్క్ ఓడిన డిస్క్ మీద తనలో ఉన్నదంతా రాసేస్తుంది, అసలు అనేది ఇక ఎక్కడా మిగలదు.

"ఆగు," అన్నాడు.

సర్వర్ వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. పెట్టె నిండా ఇరవై ఏళ్ళ దుమ్ము. ఒక్కచోట తప్ప. ఒక యూఎస్‌బీ సాకెట్ చుట్టూ, బొటనవేలంత మేర, దుమ్ము లేదు. అక్కడ కొన్ని నెలలుగా ఏదో ఉండేది. ఈ రోజు లేదు. సాకెట్ పైన చిన్న కాగితం అంటించి ఉంది, తాతగారి గుండ్రటి చేతిరాతలో: ఏడోవాడు.

"రెప్లికాలు ఎన్ని?" అని అడిగాడు అక్కడినుంచే.

"ఆరు. ముఠా దగ్గర ప్రింటవుట్ ఉంది."

"ఎప్పటిది?"

"ఆరు నెలల కిందటిది. ఏం?"

అతను మళ్ళీ ఆ కాగితం వైపు చూశాడు. రెండు డిస్కుల సర్వర్‌తో ఉన్న తంటా ఏమిటంటే సగానికి సగం తగాదా వస్తే తీర్చేవాడు ఉండడు. ఇరవై ఏళ్ళు ఆ తగాదాలు తీర్చి విసిగిపోయిన ముసలాయన ఒక బుల్లి పెన్‌డ్రైవ్ మీద ఏడో నకలు పెట్టి వెనకాల గుచ్చాడన్నమాట. పొద్దున ప్రమాదం పసిగట్టి దాన్ని పీకాడు. పీకి ఎక్కడో పెట్టాడు. పెట్టి తిరిగి వస్తూ మెట్ల దగ్గర దొరికిపోయాడు.

బల్ల మీద సర్వర్ లాగ్‌బుక్ ఉంది. ఈ రోజు పేజీలో ఒకే పంక్తి.

ఏడూ యాభై. టీ. చక్కెర ఏడు చెంచాలు.

"నేనూ చూశాను," అంది ఆమె. "ముసలాళ్ళకి తీపి యావ ఎక్కువ."

మొద్దు సొరుగు లాగాడు. కళ్ళజోడు పెట్టె, గోరుకత్తిరి, పాత బస్ పాసు. వాటి కింద చక్కెర వ్యాధి మాత్రల అట్ట. ఏడు మాత్రల్లో నిన్నటిదాకా వేసుకున్నవి ఖాళీగా ఉన్నాయి, ఈ రోజుది మిగిలింది.

అతను సొరుగు మూశాడు.

"నాకు టీ కావాలి," అన్నాడు.

"ఇప్పుడా? పదకొండూ పది అయింది!"

"నీకూ తెస్తాను. నేను వచ్చేదాకా ఏమీ ముట్టుకోకు."

* * *

టీ కౌంటరు కింది అంతస్తులో, మెట్ల పక్కన. అక్కడ ఉన్న పెద్దావిడని భవనంలో అందరూ పిన్ని అంటారు. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతులు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి.

"ఒక టీ, పిన్నీ. చక్కెర ఏడు చెంచాలు."

చేతులు ఆగాయి.

"ఎన్ని?"

"ఏడు."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. అక్కడ ఏమీ కనబడక ఇంకాసేపు చూసింది.

"ఆయనకి నేనెప్పుడూ చక్కెర వెయ్యలేదు బాబూ. పదేళ్ళలో ఒక్క పలుకు వెయ్యలేదు. ఈ పొద్దున వచ్చి, ఎవరైనా ఏడు చెంచాలడిగితే డబ్బాలోంచి ఇవ్వు అన్నారు. ఏంటి తాతగారూ వేళాకోళమా అన్నాను. నవ్వారు." ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "కప్పు పట్టుకొని మెట్లెక్కారు. అంతే."

ఆవిడ చక్కెర డబ్బా మూత తీసింది. అతను ఎడమచెయ్యి మోచేతి దాకా పెట్టి, చిన్న ప్లాస్టిక్ సంచీలో చుట్టిన పెన్‌డ్రైవ్ తీశాడు.

"ఇందుకేనా చంపారు ఆయన్ని?" అంది పిన్ని.

"ఇందుకే."

"నీకు బాధగా లేదా?"

"ఇంకా రాలేదు," అన్నాడు మొద్దు. అది అబద్ధం కాదు.

మెట్లెక్కేటప్పుడు అతను పెన్‌డ్రైవ్‌ని ఎడమ అరచేతిలో దాచుకున్నాడు. ఇనుప తలుపు దగ్గర ఫైర్ ఆఫీసరు లేచి దారి ఇచ్చాడు. దారి ఇస్తూ అతని చొక్కా చేతిని చూశాడు. మొద్దు కూడా చూశాడు, కాని లోపలికి అడుగు పెట్టాక చూశాడు. ముంజేతి మీద చక్కెర పలుకులు మెరుస్తున్నాయి. చేతిలో టీ కప్పు లేదు. లాగ్‌బుక్‌లో ఏడు చెంచాల సంగతి ఎర్ర టోపీవాడూ చదివే ఉంటాడు.

వెనకాల తలుపు ధడాలున పడింది. గొడ్డలి కర్ర బయటి పిడిలోకి దూరిన చప్పుడు వినిపించింది. తర్వాత సైరన్. దీపాలు ఆరి ఎర్ర బల్బు ఒకటి వెలిగింది. పైకప్పు గొట్టాల్లోంచి తెల్లగా, చల్లగా గ్యాస్ దిగడం మొదలైంది. మంటల్ని ఆర్పే గ్యాస్ మనుషుల్ని కూడా ఆర్పుతుంది. కంచే చేను మేస్తే ఇలాగే ఉంటుంది.

అద్దం అవతల ఎర్ర టోపీ ఒక్క క్షణం నిలబడి, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్ళిపోయింది.

"నేను లోపల ఉన్నాను కదా!" అంది శాలువా. ఆ గొంతులో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "నేను వాళ్ళ మనిషిని కదా!"

"నువ్వు ఎటు దూకుతావో వాళ్ళకి ముందే తెలుసు. అందుకే నీకు తిరగేసి చెప్పారు. కుడిది మాది అన్నారు, నువ్వు ద్రోహం చేసి ఎడమదాన్ని కాపాడతావని. ఎడమదే వాళ్ళది."

"నిజంగానా?"

"ఏమో. ఇప్పుడు తెలుస్తుంది."

పెన్ను మూత కొరికి రెండు గుక్కలు పీల్చి ఆమెకి ఇచ్చాడు. సర్వర్ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏమీ కనబడటం లేదు. ఎడమచేత్తో ముక్కూ నోరూ మూసుకొని, కుడిచేత్తో పెట్టె వెనక తడిమాడు. సాకెట్ ఎక్కడో వేళ్ళు చెప్పాలి. ఈ వేళ్ళు చెప్పవు. ఇనుముకీ గాలికీ తేడా తెలియని వేళ్ళు. ఒకసారి గుచ్చాడు, తప్పు. రెండోసారి, తప్పు. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. అక్కని ఇక చూడనేమో అనుకున్నాడు. అది కూడా ఎవరో పక్కింటివాళ్ళ సంగతిలా వచ్చి పోయింది. అదొక్కటే అతనికి కొంచెం సిగ్గనిపించింది.

అతని చేతి మీద ఇంకొక చెయ్యి పడింది. చల్లటి చెయ్యి. అది అతని వేళ్ళని పట్టుకొని ఎడమకి జరిపి, పైకి ఎత్తి, ముందుకి నెట్టింది. పెన్‌డ్రైవ్ లోపలికి దిగింది.

"అప్పు తీర్చేశాను," అంది ఆమె దగ్గుతూ.

అతను స్క్రీన్ దగ్గరికి పాకి, మళ్ళీ మొదలుపెట్టమని కొట్టాడు. ఏ రెప్లికానీ తీసెయ్యలేదు. ఏ పాస్‌వర్డూ ఇవ్వలేదు. సర్వర్ ఒక్కొక్కరినే అడిగింది. ఎడమ మూడూ ఒక మాట చెప్పాయి. కుడి మూడూ వేరే మాట చెప్పాయి. చివరికి చక్కెరలోంచి వచ్చినవాడిని అడిగింది.

ఏడోవాడు కుడివైపు చెప్పాడు.

నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. సర్వర్ ఇక మనిషిని అడగలేదు. ఎడమ డిస్క్ పక్కన పెద్ద అక్షరం వేసి, దాన్ని మూలన కూర్చోబెట్టి, తన పాటికి తాను లేవసాగింది.

పెన్నులో గాలి అయిపోయింది. ఇద్దరూ నేలకి దగ్గరగా ముఖాలు పెట్టి పడుకున్నారు. ఆమె ఏదో అంటోంది. అతనికి వినబడలేదు. చాలాసేపటికి, లేదా వెంటనే, తలుపు తెరుచుకుంది. గొడ్డలి చేతిలో పట్టుకొని పిన్ని నిలబడి ఉంది.

"సైరన్ మోగుతున్నా ఆ ఎర్ర టోపీవాడు పైన ఉండక మెట్లు దిగి పోతుంటే టీ డ్రమ్ము కుళాయి తిప్పేశాను," అంది ఆవిడ ఆయాసపడుతూ. "జారి పడ్డాడు. ఈసారి మెట్లు తడిగానే ఉన్నాయి. కాపలావాళ్ళని అలాగే రాసుకోమన్నాను."

* * *

రెండో అంతస్తు కిటికీలోంచి గేటు కనబడుతుంది. మొద్దు గోడకి ఆనుకొని నిలబడ్డాడు. అవతలి జీపు ఇంజను ఆపలేదు. దాని ముందు సన్నగా, నెరిసిన జుట్టుతో, ఒక చేతిసంచీతో ఒకావిడ నిలబడి ఉంది. రెండు దేశాల అధికారులూ ఒకే తెర మీదికి వంగి ఉన్నారు. తెర నల్లగా ఉంది. పన్నెండు కావడానికి ఎనిమిది సెకన్లు.

తెర వెలిగింది.

ఆవిడ వేలు పెట్టింది. ఎవరో తలూపారు. ఎవరో ముఖం మాడ్చుకున్నారు. గేటు కర్ర పైకి లేచింది, రోజూ లేచినట్టే.

అతను కిందికి వెళ్ళేసరికి ఆవిడ ఇవతలి బెంచీ మీద కూర్చొని చెప్పులోంచి రాయి తీసుకుంటోంది. తలెత్తి చూసింది. పదకొండేళ్ళు. అతను ఏమనాలో ముందే అనుకొని ఉండవలసింది.

"ఒరేయ్, అలా గుడ్లప్పగించి నిలబడ్డావేంట్రా?"

"నన్ను క్షమించక్కా. సంతకం నేనే పెట్టాను."

"పెట్టమన్నది నేనే కదరా. నీకు వేరే పనేం లేదా, పదకొండేళ్ళూ అదే పట్టుకొని కూర్చున్నావా?"

"ఏమీ అనిపించట్లేదక్కా. నువ్వు వచ్చావు. అయినా ఏమీ అనిపించట్లేదు."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. లేచి నిలబడింది. మునివేళ్ళ మీద లేస్తే తప్ప అతని తల అందదు. లేచి, వేళ్ళు మడిచి, చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడల్లా వేసినచోటే, టంగుమని ఒక మొట్టికాయ వేసింది.

"ఇప్పుడు?"

అతను తల తడుముకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికే తిరిగాయో దేనికి తిరిగాయో తేల్చుకోలేకపోయాడు.

"నొప్పిగా ఉంది," అన్నాడు.

"బతికావు పో," అంది అక్క.

సాయంత్రం రిపోర్టు రాయడానికి కూర్చుంటే జేబులో ఉన్నది రాయని పెన్నే. అక్క దగ్గర ఒకటి అడిగి తీసుకున్నాడు. ఎర్ర శాలువా మనిషి అంబులెన్సు ఎక్కింది, ఆసుపత్రికి మాత్రం చేరలేదు. ఆ సంగతి రాశాడు. ఏడో రెప్లికా సంగతి రాశాడు. తాతగారి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు. చివర గాయాలు అనే గడి దగ్గర కాసేపు ఆగి, గ్యాస్ సంగతి వదిలేసి, నెత్తి మీద ఒకటి అని నింపాడు.

చీఫ్ దాని పక్కన ఎర్ర సిరాతో అడిగాడు: ఆయుధం?